కొండ నదుల్లో తెప్ప విహారం: వడి తెలియకుంటే ముప్పు

హిమాలయ నదులపై రబ్బరు తెప్పల ప్రయాణం ఒకప్పుడు పర్వతారోహకులకు, సైనికులకు, విదేశీ సాహసికులకు మాత్రమే పరిమితమైన క్రీడ. 1977లో ఎవరెస్టు విజేత ఎడ్మండ్ హిల్లరీ గంగాసాగర్ నుంచి జెట్ పడవల్లో ప్రవాహానికి ఎదురెక్కుతూ బయలుదేరారు. నందప్రయాగ వద్ద జలపాతం అడ్డుపడటంతో ఆయన బృందం పడవలు వదిలి కొండదారి పట్టింది. ఆ యాత్ర నాడు దేశవ్యాప్తంగా ఆసక్తిని రేకెత్తించింది. నేడు రిషీకేశ్‌లో గంగపై, కులూలో బియాస్‌పై, లడఖ్‌లో జన్‌స్కార్‌పై, నేపాల్‌లో త్రిశూలిపై విద్యార్థులు, ఉద్యోగులు, కుటుంబాలు తెప్పలెక్కుతున్నాయి. క్రీడ సామాన్యుల చెంతకు చేరింది కాని, నది స్వభావంపై అవగాహన అదే నిష్పత్తిలో పెరగలేదు.

ఘట్టం ఒకటే, వడి వేరు

నదిలో నీరు బండల మధ్య నురుగులు కక్కుతూ ఉరికే ఘట్టాలను ‘ర్యాపిడ్లు’ అంటారు. వాటి తీవ్రతను అంతర్జాతీయంగా 1 నుంచి 6 వరకు శ్రేణులుగా విభజించారు. మొదటి శ్రేణి చిన్న అలల వంటిది. ఆరవ శ్రేణి ప్రాణాలతో చెలగాటమే. రిషీకేశ్‌కు సుమారు 36 కిలోమీటర్ల ఎగువన ఉన్న కౌడియాల నుంచి దిగువకు ‘వాల్’, ‘గోల్ఫ్ కోర్స్’, ‘రోలర్ కోస్టర్’ వంటి పేర్లతో ఇలాంటి ఘట్టాలు వరుసగా వస్తాయి.

అయితే ఈ శ్రేణి శిలాశాసనం కాదు. నీటిమట్టం మారితే శ్రేణి కూడా మారుతుంది. నీరు తక్కువైతే రాళ్లు పైకి తేలి, నీటిలో పడినవారి పాదాలు బండల సందుల్లో ఇరుక్కునే ప్రమాదం పెరుగుతుంది. నీరు పెరిగితే కొన్ని ఘట్టాలు మునిగి నునుపుగా కనిపిస్తాయి, మరికొన్ని భయంకరంగా మారతాయి. బండ మీదుగా దూకిన నీరు దాని దిగువన వెనక్కు తిరిగి పొర్లుతూ మనిషిని, తెప్పను కూడా పట్టి ఉంచగలదు. ప్రవాహ వేగం రెండింతలైతే అది మనిషిపై చూపే ఒత్తిడి నాలుగింతలవుతుందన్నది భౌతిక శాస్త్రం చెప్పే సత్యం. నిన్న ఈదగలిగిన చోటే నేడు నిలదొక్కుకోలేకపోవడానికి కారణమిదే.

ఆరితేరిన వారికీ ఈ లెక్క తప్పదు. 1998 అక్టోబరులో టిబెట్‌లోని యార్లుంగ్ సాంగ్‌పో గండిలో కయాక్‌పై దిగిన అమెరికన్ క్రీడాకారుడు డగ్ గోర్డన్ ప్రవాహానికి బలయ్యారు. బ్రహ్మపుత్రకు అది ఎగువ భాగం. ఆ ఏడాది భారీ వర్షాల కారణంగా నది అంచనాలకు మించి పొంగి ఉంది. 2002లో స్కాట్ లిండ్‌గ్రెన్ నాయకత్వంలోని బృందం అదే గండిని శీతకాలంలో, నీరు తగ్గి ఉన్న రోజులను ఎంచుకుని అధిగమించింది. రెండు బృందాలలోనూ నైపుణ్యానికి కొదవ లేదు. రెండు యాత్రలకు మధ్య నది మట్టంలో మాత్రం ఎంతో తేడా ఉంది.

నీరు ఎప్పుడు పెరుగుతుంది?

దక్షిణాది నదులు ప్రధానంగా వర్షాలపై ఆధారపడితే, హిమాలయ నదులకు మంచు కూడా తోడవుతుంది. మే, జూన్ నెలల్లో పగటి ఎండకు కరిగిన మంచునీరు మధ్యాహ్నానికి ఎగువ వాగుల్లో పొంగుతుంది. దూరాన్ని బట్టి ఆ నీరు సాయంత్రానికో, రాత్రికో, మరునాటి ఉదయానికో దిగువకు చేరుతుంది. వర్షాకాలంలో కుంభవృష్టి దీనికి తోడవుతుంది. ఈ కారణంగానే రిషీకేశ్ వద్ద జూలై, ఆగస్టు నెలల్లో తెప్ప ప్రయాణాలు నిలిపివేస్తారు. హిమాచల్ ప్రదేశ్‌లో జూలై 15 నుంచి సెప్టెంబరు 15 వరకు నిషేధం అమలులో ఉంటుంది. రిషీకేశ్ వద్ద గంగకు 339.50 మీటర్లను హెచ్చరిక మట్టంగా, 340.50 మీటర్లను ప్రమాద మట్టంగా కేంద్ర జల సంఘం నిర్ణయించింది.

మంచుకు, వానకు తోడు మూడవ శక్తి ఆనకట్ట. భాగీరథిపై 260.5 మీటర్ల ఎత్తున నిర్మించిన టెహ్రీ డ్యాము విద్యుత్ గిరాకీని బట్టి నీరు వదులుతుంది. దాని దిగువన ఉన్న కోటేశ్వర్ జలాశయం ఆ ఒడిదుడుకులను కొంత సర్దుబాటు చేస్తుంది. దేవప్రయాగ వద్ద కలిసే అలకనందపై టెహ్రీ వంటి భారీ జలాశయం లేదు. ఆ నది వానకు, మంచుకు వెంటనే స్పందిస్తుంది. అంటే రిషీకేశ్ చేరే గంగలో రెండు నదుల స్వభావాలు కలిసి ఉంటాయి. ఆకాశం నిర్మలంగా ఉన్నంత మాత్రాన నది నిలకడగా ఉంటుందనుకోవడం పొరపాటు.

బియాస్ మిగిల్చిన కడుపుకోత

ఈ పొరపాటుకు తెలుగువారు చెల్లించిన మూల్యం అపారం. 2014 జూన్ 8న హిమాచల్‌లోని మండీ జిల్లా థలౌట్ వద్ద హైదరాబాద్‌కు చెందిన ఇంజనీరింగ్ విద్యార్థులు మనాలీకి వెళ్తూ బియాస్ నదిలోకి దిగారు. వారు తెప్పలెక్కలేదు. ఈతకూ దిగలేదు. పలచని ప్రవాహం మధ్య రాళ్లపై నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. ఎగువన 126 మెగావాట్ల లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు గేట్లు ఎత్తడంతో నీరు ఒక్కసారిగా పెరిగి వారిని చుట్టుముట్టింది. ఒడ్డుకు చేరే వ్యవధి లేక 24 మంది విద్యార్థులు, వారి వెంట ఉన్న ఒక యాత్రా సహాయకుడు కొట్టుకుపోయారు. మృతదేహాల కోసం వారాల తరబడి గాలించాల్సి వచ్చింది. ఈ ఘటనలో నిర్లక్ష్యం జరిగిందని నిర్ధారించిన హిమాచల్ హైకోర్టు, ఒక్కొక్కరి తల్లిదండ్రులకు 20 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని 2016లో ఆదేశించింది.

నూట ముప్పై ఏళ్ల క్రితపు పాఠం

ముందస్తు హెచ్చరిక అసాధ్యమని వాదించేవారికి హిమాలయ చరిత్రలోనే సమాధానం ఉంది. 1893లో గఢ్వాల్‌లోని బిరహీ గంగపై కొండచరియ విరిగిపడి గోహ్నా వద్ద పెద్ద సరస్సు ఏర్పడింది. అది ఎప్పుడో ఒకప్పుడు తెగక తప్పదని నాటి ఇంజనీర్లు లెక్కగట్టి, సరస్సు నుంచి దిగువ ఊళ్లకు టెలిగ్రాఫ్ తీగ వేయించారు. 1894 ఆగస్టు చివర కట్ట తెగి అలకనంద లోయలోని శ్రీనగర్ పట్టణం తుడిచిపెట్టుకుపోయింది. అయినప్పటికీ మరణించినవారు ఐదుగురే. హెచ్చరికను పెడచెవిన పెట్టి ప్రమాద స్థలానికి తిరిగి వెళ్లిన ఒక ఫకీరు, ఆయన కుటుంబసభ్యులే వారు. ఒక్క టెలిగ్రాఫ్ తీగతో లోయ మొత్తాన్ని కాపాడగలిగిన చోట, సెల్‌ఫోన్ల కాలంలో డ్యాము గేట్ల కబురు కింది ఒడ్డుకు చేరకపోవడం సాంకేతిక లోపం కాదు, బాధ్యతారాహిత్యం.

చట్టాలు లేకపోలేదు. ఉత్తరాఖండ్ 2014లో తెప్ప ప్రయాణాలకు నిబంధనలు రూపొందించింది. అవి చాలవని భావించిన అక్కడి హైకోర్టు, తగిన నిబంధనలు వచ్చేవరకు ఈ క్రీడను నిలిపివేయాలని 2018 జూన్‌లో ఆదేశించింది. 2021 నాటి డ్యాముల భద్రతా చట్టం అత్యవసర కార్యాచరణ ప్రణాళికలను, వరద హెచ్చరిక ఏర్పాట్లను డ్యాముల యజమానుల బాధ్యతగా చేసింది. సైరన్ మోగినప్పుడు దాని అర్థమేమిటో పరాయి రాష్ట్రం నుంచి వచ్చిన యాత్రికునికి తెలిసినప్పుడే ఈ చట్టాలు సార్థకమవుతాయి.

యాత్రికులు అడగవలసినవి

తెప్ప ఎక్కేముందు కొన్ని ప్రశ్నలు అడగటం ప్రతి యాత్రికుని హక్కు. నేటి నీటిమట్టం ఎంత? ఎగువన నీరు వదిలే సమయమేది? నిర్వాహకునికి లైసెన్సు, గైడుకు శిక్షణ ఉన్నాయా? తెప్ప వెంట రక్షణ కయాక్ వస్తుందా? విసరడానికి తాడు ఉందా? లైఫ్ జాకెట్ పట్టీలు బిగుతుగా ఉండాలి. హెల్మెట్ తప్పనిసరి. మంచునీటిలో హఠాత్తుగా పడినవారికి ఎగశ్వాస వచ్చి నీరు మింగే ప్రమాదం ఉంది గనుక తొలి నిమిషంలో కంగారుపడక ఊపిరిని అదుపు చేసుకోవాలి. వెల్లకిలా తేలుతూ పాదాలను ప్రవాహ దిశకు పెట్టాలి. వడి నీటిలో లేచి నిలబడే ప్రయత్నం చేయరాదు.

ఒడ్డున ఉన్నవారికీ కొన్ని సూచనలు అవసరం. నీరు అకస్మాత్తుగా బురద రంగుకు మారినా, కొమ్మలు, ఆకులు కొట్టుకువస్తున్నా, కొద్దిసేపటి క్రితం కనిపించిన రాయి మునిగినా తక్షణం గట్టెక్కాలి. నీరు ఉన్నట్టుండి తగ్గిపోయినా సంతోషించరాదు, ఎగువన కొండచరియ అడ్డుపడి ఉండవచ్చు.

సాహసానికి, తెగింపుకు మధ్య తేడా ఇక్కడే ఉంది. నది మట్టం తెలుసుకుని దిగేవాడు సాహసి. అది తెలియజేయడం ప్రాజెక్టుల, ప్రభుత్వాల కర్తవ్యం. అది తెలిసేవరకు ఒడ్డున ఆగడం యాత్రికుని వివేకం. ఈ రెండింటిలో ఏది లోపించినా దాని ఫలితం మోయవలసినవారు వందల మైళ్ల దూరంలో పిల్లల రాక కోసం ఎదురుచూసే తల్లిదండ్రులే.