కొండబాటలో జీపు షాఫ్టు

అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. అనంతగిరి మీదుగా పోవు ఘాటురోడ్డును విడిచి కొండగూడెముల వైపు మళ్లిన జీపునకు వానలు కోసిన గాడులు తప్పవు. ముందు చక్రము గాడిలో దిగగానే కమాను పట్టీలు విచ్చుకొని ఇరుసు క్రిందికి జారును. గేరుపెట్టె మాత్రము చట్రమునకు బిగించి ఉండును. రెంటిని కలుపు షాఫ్టు వాలక తప్పదు.

ఆ వాలును భరించునది శిలువ ఆకారపు కీలు. మెకానిక్కులు దీనిని ‘క్రాస్’ అందురు. దీని గుణము చిత్రమైనది. మొదటి షాఫ్టు సమవేగముతో తిరిగినను, రెండవది ఒక్కొక్క చుట్టులో రెండుమార్లు వడి హెచ్చి, రెండుమార్లు తగ్గును. 10 డిగ్రీల వంపున ఈ హెచ్చు నూటికి ఒకటిన్నర; 30 డిగ్రీలకు పదిహేను! షాఫ్టు రెండు కొనలందును కోణము సమముగా నున్నచో ఒక కీలు తెచ్చిన తేడాను రెండవది తీర్చును.

గేరుపెట్టెకు, ఇరుసునకు అడ్డదూరము 60 సెం.మీ. అనుకొందము. ఇరుసు నిలువుగా 15 సెం.మీ. దిగినచో వాలు 14 డిగ్రీలు. బండి ఎత్తు పెంచుటకు కమానుల క్రింద 10 సెం.మీ. దిమ్మలు పెట్టించినచో, అదే గాడిలో 25 సెం.మీ. దిగుడు, వాలు దాదాపు 23 డిగ్రీలు. పైథాగరస్ సూత్రము ప్రకారము షాఫ్టు 65 సెం.మీ. కావలెను. జారుడు కొన అంత సాగనిచో ఊడివచ్చును; కీలు అంత వంగనిచో కవచెవులు ఒరసికొని విరుగును.

దిగుడులో తక్కువ గేరునందున్న ఇంజనే బండిని నిలువరించును. ముందు షాఫ్టు తెగినచో ముందు చక్రములపై ఆ పట్టు పోవును. పాత జీపులలో చేతిబ్రేకు డ్రమ్ము వెనుక షాఫ్టు మొదట ఉండెడిది. ఆ షాఫ్టు తెగినచో చేతిబ్రేకును పనిచేయదు.