సెల్‌ఫోన్ వేధింపులు – మన పిల్లలు తట్టుకోవడం ఎలా?



తలనొప్పి, గుండెదడ, కడుపులో మంట, నాలుగు రోజులుగా నిద్ర లేదు, అన్నం సయించడం లేదు. డిగ్రీ చదివే వయసు పిల్లలు ఈ బాధలతో ఓ.పి.కి వస్తుంటారు. రక్తపరీక్షల్లో ఏమీ కనిపించదు. "నీరసమండీ, ఒక సెలైన్ పెట్టండి" అంటారు వెంట వచ్చిన తల్లిగారు. అలాంటప్పుడు పెద్దవాళ్లను కాసేపు బయట కూర్చోమని, "ఫోన్‌లో ఎవరైనా ఏమైనా అంటున్నారా?" అని అడుగుతాం. కొందరికి అప్పుడే కన్నీళ్లు వస్తాయి.

ఏడిపించడం మన ఊళ్లకు కొత్త కాదు. కాని బస్సులో ఏడిపించినవాళ్లు బస్సు దిగితే వదిలేవారు. ఫోన్‌లో వచ్చిన మాట నరసరావుపేట కాలేజీ నుండి నకరికల్లు దాకా వెంట వస్తుంది, రాత్రి దిండు పక్కనే ఉంటుంది. ఎంతమంది చూశారో తెలియదు. అన్నది ఎవరో కూడా ఒక్కోసారి తెలియదు. అందుకే శరీరం అపాయం ఎదురుగా ఉన్నట్టే మెలకువగా ఉండిపోతుంది. పై బాధలన్నీ దానివల్లనే. అది నటన కాదు.

2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో లోన్ యాప్ వాళ్లు మార్ఫింగ్ ఫోటోలతో బెదిరించగా ఒక యువ దంపతులు ప్రాణాలు తీసుకున్నారు. ఇద్దరు చిన్న ఆడపిల్లలు మిగిలారు. ఆ ఫోటోలు అబద్ధమని అందరికీ తెలుసు. అయినా పరువు పోతుందన్న భయం అంత పని చేసింది.

తిట్టుకు తిట్టు జవాబిచ్చే పిల్లలు కొందరు. అవతలివాళ్లకు కావలసింది అదే. కాలేజీ మానేసి గదిలో కూర్చునేవాళ్లు మరికొందరు. త్వరగా తేరుకునేది మాత్రం ఒక్కరికైనా చెప్పుకున్నవాళ్లు. ఆ ఒక్కరు అక్క కావచ్చు, మేనత్త కావచ్చు, హాస్టల్ స్నేహితురాలు కావచ్చు. మరి అమ్మానాన్నలకు ఎందుకు చెప్పరు? ఫోన్ లాక్కుంటారని, చదువు మాన్పించి సంబంధాలు చూస్తారని. (ఈ భయం ఊరికే పుట్టలేదని మనందరికీ తెలుసు.) "నువ్వు ఆ ఫోటో ఎందుకు పెట్టావు?" అన్నది మీ తొలి ప్రశ్న అయితే, ఇక రెండో మాట బయటకు రాదు. "చెప్పి మంచి పని చేశావు" అనండి. మగపిల్లలనూ అడగండి. వాళ్లు ఇంకా లోపల దాచుకుంటారు.

మెసేజ్‌లు చెరిపేయకండి. పేరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, ఆ తర్వాత బ్లాక్ చేయండి. బెదిరించేవారికి డబ్బు పంపవద్దు, పంపినకొద్దీ ఇంకా అడుగుతారు. పోలీస్ స్టేషన్‌లో గాని, 1930 నంబరుకు గాని, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గాని ఫిర్యాదు చేయవచ్చు. స్త్రీల అసభ్య చిత్రాల విషయమైతే ఆ పోర్టల్‌లో మన పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేసే వీలుంది. లోన్ యాప్‌లు మన ఫోన్‌లోని నంబర్లు, ఫోటోల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. అప్పు తీసుకున్నామని ఈ వేధింపును భరించనక్కరలేదు.

రాత్రి ఫోన్ వేరే గదిలో పెట్టించండి. శిక్షగా కాదు, ఇంట్లో అందరి ఫోన్లూ అక్కడే పెట్టండి.

"నేను లేకపోతేనే మేలు" అనే మాట వినిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగవద్దు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకుండా దగ్గర కూర్చుని 14416 టెలిమానస్‌కు ఫోన్ చేయండి. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు. లేదా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. రాత్రి డ్యూటీలో సిస్టర్లు ఉంటారు.