సముద్రం దాకా సైకిళ్ల వరుస

మదనపల్లెలో కురిసిన వాన చివరికి ఎక్కడికి పోతుందో ఎప్పుడైనా ఆలోచించారా? బాహుదా ఏట్లో పడి, పించా నీటితో కలిసి చెయ్యేరు అనే పేరు తెచ్చుకుని పెన్నలో చేరుతుంది. పెద్దమండ్యం, గాలివీడు ప్రాంతాల వాన నీరు పాపాఘ్నిలో కలిసి, కమలాపురం దగ్గర అదే పెన్నను చేరుకుంటుంది. పెన్న సోమశిల, సంగం, నెల్లూరు దాటి, ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో పడుతుంది.

ఆ నీటి వెంట మనమూ పోతే? పదిమంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు సైకిళ్ల మీద బయలుదేరారనుకోండి. గుర్రంకొండ, రాయచోటి, కడప, బద్వేలు, ఆత్మకూరు, నెల్లూరు మీదుగా సముద్రం దాకా సుమారు 300 కి.మీ. రోజుకు 60 కి.మీ. చొప్పున అయిదు రోజులు. పన్నెండుమందీ కలిసి చేరాలి, ఒక్కరూ వెనకబడకూడదు. అదీ షరతు.

పల్లం మనకు ఎంత సాయం?

మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. దిగువకే ప్రయాణం కదా, తొక్కే పనేముంది అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం.

300 కి.మీ. దూరంలో 700 మీటర్ల దిగుడు అంటే, సగటున కిలోమీటరుకు రెండు మీటర్ల పైచిలుకు మాత్రమే. పిల్లవాడు, సైకిలు, సంచి కలిపి 75 కిలోలు ఉంటే, ఇంత పల్లం అతణ్ణి ముందుకు లాగే బలం సుమారు 175 గ్రాముల బరువుకు సమానం.

ఇక టైర్ల సంగతి. బరువు పడినచోట టైరు కొంచెం అణిగి, మళ్లీ పొంగుతుంది. చక్రం తిరిగినంతసేపూ ఇది జరుగుతూనే ఉంటుంది కాబట్టి కొంత శక్తి వేడిగా మారి పోతుంది. మంచి రోడ్డు మీద, గాలి బాగా పట్టించిన టైర్లు కూడా మోసే బరువులో నూటికి అర వంతు నుంచి ఒక వంతు దాకా వెనక్కి లాగుతాయి. మన లెక్కలో అది 375 నుంచి 750 గ్రాములు. అంటే పల్లం ఇచ్చేదానికన్నా టైర్లు తీసుకునేదే రెండింతలకు పైమాట! పైగా దారి ఒకే వాలుగా ఉండదు. వెలికొండల వంటి ఎగుడు చోట్ల ఎదురెక్కాలి కూడా. కాబట్టి తొక్కక తప్పదు.

కంటికి కనబడని కొండ

టైర్లను మించిపోగల అడ్డంకి ఇంకొకటి ఉంది. అది గాలి. గంటకు 15 కి.మీ. వేగంతో, గాలి కదలని రోజున, నిటారుగా కూర్చుని తొక్కే పిల్లవాడిని గాలి సుమారు అర కిలో బలంతో వెనక్కి నెడుతుంది. ఎదురుగాలి గంటకు 10 కి.మీ. వేగంతో వీచిందనుకోండి. అతని ఒంటికి తగిలే గాలి వేగం 25 కి.మీ. అవుతుంది. అడ్డుకునే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అర కిలో కాస్తా కిలోన్నర దగ్గరికి చేరుతుంది. సాగే వేగం మారలేదు, శ్రమ మాత్రం బాగా పెరిగింది!

మన దారిలో ఈ ఎదురుగాలి చివరి రోజున తగిలే అవకాశం ఉంది. ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తే, ఆ చోటికి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. సముద్రతీరం వైపు సాగేవారికి అది ముఖానికి ఎదురుగా కొడుతుంది. అందుకే నెల్లూరు నుంచి తెల్లవారకముందే లేచి, వెలుగు రాగానే బయలుదేరాలి.

వరుసలో ఉన్న రహస్యం

ముందు సైకిలు గాలిని చీల్చుకుపోతుంది. దాని వెనక గాలి వేగం తగ్గిన చోటు ఒకటి ఏర్పడుతుంది. ఆ నీడలో సాగేవారికి శ్రమ తక్కువ. వెనకాలే రెండు మీటర్ల ఎడంలో ఉన్నా, గాలి అడ్డంకి సుమారు నాలుగో వంతు తగ్గుతుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు 121 మంది పందెగాళ్ల గుంపు నమూనాను గాలి సొరంగంలో పెట్టి 2018లో ఫలితాలు ప్రకటించారు. గుంపు లోపల వెనక భాగంలో ఉన్నవారికి తగిలే అడ్డంకి, ఒంటరిగా పోయేవాడికి తగిలేదానిలో 5 నుంచి 10 శాతం మాత్రమేనని తేలింది!

మనం అంత దట్టంగా పోనక్కరలేదు, పోకూడదు కూడా. రోడ్డు ఎడమ అంచున ఒకరి వెనక ఒకరు, ఒక సైకిలు పొడవు ఎడంతో సాగాలి. ముందున్నవారు అయిదు నిమిషాలయ్యాక వేగం తగ్గించి వరుసలోకి చేరితే, తర్వాతివారు ముందుకు వస్తారు. పన్నెండుమందికి గంటలో ఒక్కొక్కరికి అయిదు నిమిషాలే గాలితో పోరు. అలసినవారిని ముందు నిలపరు, చిట్టచివరా వదలరు, మధ్యలో ఉంచుతారు. చివరి చోటు గట్టివాడికి ఇస్తారు. ఎవరి చెయిన్ జారినా, ఎవరి టైరు పంక్చరైనా అతని కంట పడాలి.

ప్యారిస్ నుంచి బ్రెస్ట్ దాకా వెళ్లి తిరిగివచ్చే 1,200 కి.మీ. సైకిలు యాత్ర 1891లో పందెంగా మొదలైంది. నేడు నాలుగేళ్లకోసారి జరిగే ఆ యాత్రలో గెలుపోటములు లేవు, గడువులోగా చేరినవారంతా సమానులే. ఇదే పద్ధతిలో హైదరాబాదులోనూ 200, 300 కి.మీ. యాత్రలు జరుగుతున్నాయి.

ఘాటులో సూత్రం తిరగబడుతుంది

రాయచోటి దాటి కడపకు పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు ఉంది. ఇక్కడ వరుసను విడదీయాలి. ఎందుకంటారా? వేగం రెట్టింపయితే గతిశక్తి నాలుగు రెట్లవుతుంది. 15 కి.మీ. వేగంలో మూడు మీటర్లలో ఆగే సైకిలుకు, 30 కి.మీ. వేగంలో పన్నెండు మీటర్లు కావాలి. ముందువాడు హఠాత్తుగా ఆగితే వెనకవాడికి అంత చోటు ఉండదు.

పైగా 75 కిలోలతో 100 మీటర్లు కిందికి దిగితే, సుమారు 73,500 జౌళ్ల శక్తిని ఎక్కడో ఒకచోట పోగొట్టుకోవాలి. 30 డిగ్రీల వేడిలో ఉన్న పావు లీటరు నీటిని మరిగించడానికి అంత శక్తి చాలు. అందులో ఎక్కువ భాగాన్ని చిన్న బ్రేకు రబ్బర్లు, రిమ్ములు భరిస్తాయి. రబ్బర్లు అరిగినా, రిమ్ము తడిసినా పట్టు తగ్గుతుంది. అందుకే ఘాటుకు ముందే ఆగి ప్రతి సైకిలు బ్రేకులూ పరీక్షించాలి. వాహనాలు ఎక్కువగా ఉంటే దిగి నడిపించుకుపోవడంలో చిన్నతనమేమీ లేదు.

ఏరు ముగిసేచోట

నెల్లూరు దాటాక నేల చదునవుతుంది. వరి పొలాలు, రొయ్యల చెరువులు, ఇసుక దిబ్బలు కనబడతాయి. నదికీ ఇక్కడ పల్లం సాయం దాదాపు లేదు. సముద్రపు పోటు రోజుకు రెండుసార్లు నీటిని వెనక్కి నెడుతుంది. లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉన్న సముద్రపు నీరు మంచినీటికన్నా బరువు. అందుకని అది నది అడుగున చేరి లోపలికి చొరబడుతుంది. పైనుంచి వచ్చే ఏటి నీరు బలంగా ఉంటే దాన్ని నిలవరిస్తుంది. ఎగువన నీరు తగ్గేకొద్దీ ఉప్పు ముందుకు జరుగుతుంది, ఒడ్డు పల్లెల బావులకూ ముప్పు వస్తుంది. ఎక్కడో బాహుదాలో, పాపాఘ్నిలో పారే నీటికీ, ఈ బావుల నీటి రుచికీ ఉన్న సంబంధం ఇదే.

మీరూ చేసి చూడండి

గాలి లేని ఉదయం, వాహనాలు తిరగని చదును మైదానంలో ఒక గీత గీయండి. ఒకే వేగంతో గీత దాకా వచ్చి, పెడళ్లు తొక్కడం ఆపండి. సైకిలు ఎంత దూరం పోయి ఆగిందో కొలవండి. మొదట నిటారుగా కూర్చుని, తర్వాత హ్యాండిల్ మీదికి వంగి, ఆ తర్వాత టైర్లలో గాలి కొంచెం తగ్గించి ఇదే పని చేయండి. ఒక్కొక్కటి మూడుసార్లు చేసి సగటు తీయండి. మీ సైకిలును ఎక్కువగా ఆపుతున్నది టైరా, గాలా? జవాబు మీ కొలతలే చెబుతాయి.