ఓడి ఓడి గెలిచిన యుద్ధం: అమెరికా ఆజాదీకి, మన దక్కన్‌కి ఉన్న లింకు

1781 అక్టోబర్ 19. అమెరికాలోని వర్జీనియా తీరం, యార్క్‌టౌన్ ఊరు. బ్రిటిష్ సైనికులు ఏడు వేల మందికి పైగా ఆయుధాలు కింద పెట్టేశారు. కానీ వాళ్ల జనరల్ మాత్రం బయటికి రాలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి, కత్తి అప్పగించడానికి తన కింది అధికారిని పంపాడు. ఆయన పేరు కారన్‌వాలిస్.

ఈ పేరు ఎక్కడో విన్నట్టుందా? అవును, ఆయనే. ఐదేళ్ల తర్వాత గవర్నర్ జనరల్‌గా మన దేశానికొచ్చి, టిప్పు సుల్తాన్ ఇద్దరు కొడుకులను బందీలుగా తీసుకెళ్లిన కారన్‌వాలిసే. అక్కడ ఓడినవాడు ఇక్కడ ఎలా గెలిచాడు? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే, ముందు అమెరికావాళ్లు ఎలా గెలిచారో చూడాలి.

గొడవ ఎక్కడ మొదలైంది?

అమెరికా తూర్పు తీరంలో అప్పుడు 13 బ్రిటిష్ వలసలు ఉండేవి. అక్కడ స్థిరపడ్డవాళ్లలో ఎక్కువమంది ఇంగ్లండ్ నుంచి వెళ్లినవాళ్లు, వాళ్ల సంతానమే. 1763లో ఫ్రాన్స్‌తో యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ నెత్తిన పెద్ద అప్పు మిగిలింది. ఆ భారంలో కొంత వలసల మీద వేద్దామని 1765లో స్టాంపు పన్ను తెచ్చారు. దస్తావేజులకు, పత్రికలకు, చివరికి పేకముక్కలకూ పన్నే. పార్లమెంటులో మా తరఫున ఒక్క మనిషీ లేనప్పుడు మా మీద పన్ను ఎలా వేస్తారని జనం తిరగబడ్డారు. ఏడాదిలోనే ఆ పన్ను రద్దయింది, కానీ కొత్త పన్నులు వచ్చాయి.

1773లో నష్టాల్లో ఉన్న ఈస్టిండియా కంపెనీని నిలబెట్టడానికి, దాని తేయాకును నేరుగా అమెరికాలో అమ్ముకునే వీలు కల్పించారు. మన దేశాన్ని పీల్చిన కంపెనీయే ఇది. డిసెంబర్ 16 రాత్రి బోస్టన్ రేవులో కొందరు ఓడలెక్కి, 342 పెట్టెల తేయాకును సముద్రంలో పారబోశారు. బ్రిటన్ కోపంతో ఆ రేవునే మూసేసింది. శిక్ష ఒక్క బోస్టన్‌కే పడినా, రేపు మన వంతేనని మిగతా వలసలూ భయపడ్డాయి. 1774లో ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ పేరుతో సమావేశమయ్యాయి. 1775 ఏప్రిల్‌లో లెక్సింగ్టన్, కాంకర్డ్ దగ్గర తుపాకులు పేలాయి. 1776 జూలై 4న స్వాతంత్ర్య ప్రకటన వెలువడింది.

సైన్యం బతికుంటే చాలు

ప్రకటన చేసినంత మాత్రాన ఆజాదీ రాలేదు. నిజం చెప్పాలంటే సేనాపతి జార్జ్ వాషింగ్టన్ గెలిచిన యుద్ధాలకంటే ఓడినవే ఎక్కువ. 1776లో న్యూయార్క్ పోయింది, మరుసటి ఏడాది ఫిలడెల్ఫియా కూడా పోయింది. 1777-78 చలికాలంలో వ్యాలీ ఫోర్జ్ శిబిరంలో దాదాపు రెండు వేల మంది చనిపోయారు. వాళ్లను చంపింది శత్రువు తూటాలు కాదు, జబ్బులు.

అయినా వాషింగ్టన్ ఒక్క సంగతి గట్టిగా పట్టుకున్నాడు. ఊళ్లు పోయినా ఫర్వాలేదు, సైన్యం చెదిరిపోకూడదు. వీలు దొరికినప్పుడే దెబ్బ కొట్టాలి. 1776 క్రిస్మస్ రాత్రి మంచుగడ్డలు తేలే డెలావేర్ నది దాటి, ట్రెంటన్‌లో ఉన్న జర్మన్ కిరాయి సైనికులను సుమారు 900 మందిని పట్టుకున్నాడు. మశూచి సైన్యాన్ని తినేస్తోందని గ్రహించి, 1777లో సైనికులకు టీకా లాంటి పద్ధతిని తప్పనిసరి చేశాడు. గెలుపులో దీనికీ పెద్ద వాటా ఉంది.

బ్రిటన్ ఇబ్బంది వేరు. సైనికులు, సరుకులు అట్లాంటిక్ దాటి రావాలంటే వారాలు, నెలలు పట్టేది. రేవు పట్టణాలు చేతికి చిక్కాయి గానీ లోపలి పల్లెలు చిక్కలేదు. దళం ముందుకు కదలగానే వెనక ఊరు మళ్లీ తిరుగుబాటుదారుల పక్షం చేరేది.

ఫ్రాన్స్ రాకతో మారిన లెక్క

1777 అక్టోబర్‌లో సారటోగా దగ్గర ఒక బ్రిటిష్ సైన్యం మొత్తం లొంగిపోయింది. అప్పటిదాకా చాటుగా తుపాకి మందు పంపుతున్న ఫ్రాన్స్, 1778 ఫిబ్రవరిలో బాహాటంగా ఒప్పందం చేసుకుంది. తర్వాత స్పెయిన్, హాలండ్ కూడా బ్రిటన్‌తో యుద్ధంలోకి దిగాయి. దాంతో ఇది ఒక్క అమెరికా జంగ్ కాకుండా పోయింది.

ఆ మంట మన గడ్డకూ తగిలింది. ఫ్రాన్స్ మీద కోపంతో ఇంగ్లీషువాళ్లు 1778లో పాండిచ్చేరిని, 1779లో మలబారు తీరంలోని మాహేను పట్టుకున్నారు. మైసూరుకు ఆయుధాలు వచ్చే రేవు మాహేనే. 1780లో హైదర్ అలీ కర్ణాటక ప్రాంతం మీదికి దండెత్తి, సెప్టెంబర్‌లో పొల్లిలూరు దగ్గర కంపెనీ దళాన్ని చిత్తు చేశాడు. ఆయన పేరు అమెరికాదాకా పాకింది. పెన్సిల్వేనియావాళ్లు ఒక యుద్ధ నౌకకు హైదర్ అలీ పేరే పెట్టుకున్నారు. 1782లో ఆ నౌక ఒక బ్రిటిష్ ఓడను పట్టుకుంది కూడా.

బ్రిటన్ బలం ఇలా నలుదిక్కులా చీలిపోయిన వేళ కారన్‌వాలిస్ యార్క్‌టౌన్ చేరాడు. సెప్టెంబర్‌లో ఫ్రెంచ్ నౌకాదళం సముద్ర మార్గం మూసేసింది. నేల మీద ముట్టడి వేసిన సైన్యంలోనూ సగానికి దగ్గరగా ఫ్రెంచ్‌వాళ్లే. తప్పించుకునే దారి లేక లొంగిపోయాడు. 1783 సెప్టెంబర్ 3న పారిస్ ఒప్పందంతో బ్రిటన్ అమెరికా స్వాతంత్ర్యాన్ని ఒప్పుకుంది.

ఎవరి ఆజాదీ?

ఇక్కడ ఒక మాట దాచకూడదు. మనుషులంతా సమానమని ప్రకటించిన ఆ దేశంలో అప్పుడు సుమారు ఐదు లక్షల మంది నల్లజాతి బానిసలున్నారు. స్వేచ్ఛ ఇస్తామన్న మాట నమ్మి వేలమంది బ్రిటిష్ పక్షానికి పారిపోయారు. అక్కడి మూలవాసుల భూములను పారిస్ ఒప్పందంలో వాళ్లను అడగకుండానే రాసిచ్చేశారు. తెచ్చుకున్న ఆజాదీ అందరికీ అందలేదు.

మరి కారన్‌వాలిస్ ఇక్కడ ఎలా గెలిచాడు?

1786లో వచ్చిన కారన్‌వాలిస్, 1788లో నిజాం దగ్గర్నుంచి గుంటూరు సర్కారును కంపెనీ చేతికి తెచ్చాడు. 1790లో టిప్పు మీద యుద్ధానికి అదే నిజామునూ, మరాఠాలనూ తనతో కలుపుకున్నాడు. ఈసారి టిప్పుకు ఫ్రెంచ్ సాయం అందలేదు, ఆ దేశం తన విప్లవంలో మునిగి ఉంది. 1792లో శ్రీరంగపట్నం ఒప్పందంతో టిప్పు సగం రాజ్యం పోయింది. నిజాం వాటాకు కడప వచ్చింది. తొమ్మిదేళ్లు తిరక్కుండానే, 1800లో, అది కూడా కంపెనీకే చేరింది.

సేనాపతి ఒక్కడే. అమెరికాలో తమలో తాము ఎన్ని తగాదాలున్నా 13 వలసలు ఒక్క సైన్యాన్ని నిలబెట్టుకున్నాయి, బయటి స్నేహితుణ్ని సంపాదించుకున్నాయి. ఇక్కడ పక్కింటివాడి ఓటమిలో మన వాటా ఎంత అని లెక్కేసుకున్నారు. వాటా దక్కింది నిజమే, దాన్ని తొమ్మిదేళ్లయినా నిలుపుకోలేకపోయారు.