నికోపోలిస్ బందీ: ఒక బవేరియా యువకుని సాక్ష్యం

క్రీ.శ. 1396 సెప్టెంబరు 25న డాన్యూబ్ నది ఒడ్డున, నికోపోలిస్ కోట సమీపంలో, సుల్తాన్ బాయజీద్ సేనలు ఐరోపా శిలువ యోధుల కూటమిని చిత్తుగా ఓడించాయి. ఉస్మానియా చరిత్రలో ఇదొక ఘనవిజయం. విజయాన్ని వర్ణించేవారు ఆ తర్వాత బందీలకు ఏమైందో చెప్పకుండా దాటిపోతుంటారు. దానిని కళ్లారా చూచి వ్రాసినవాడు యోహాన్ షిల్ట్‌బెర్గర్. జర్మనీలోని బవేరియాకు చెందిన ఒక చిన్న కులీన కుటుంబంలో జన్మించిన ఇతనికి అప్పటికి సుమారు పదహారేళ్లు.

లైన్‌హార్ట్ రైహార్టింగర్ అనే ప్రభువుకు ఇతను పరిచారకుడు. యుద్ధంలో యజమాని గుర్రం కూలినప్పుడు తన గుర్రాన్ని ఆయనకిచ్చాడు. యజమాని మరణించాడు, సేవకుడు గాయాలతో పట్టుబడ్డాడు. బందీలను వరుసగా తెచ్చి శిరచ్ఛేదం చేస్తుండగా ఇతని వంతు వచ్చింది. ఇరవై ఏళ్లలోపు వారిని చంపరాదన్న నియమం ఉండటంతో, సుల్తాన్ కుమారుడు చూచి ఇతన్ని పక్కకు తీయించాడు.

హతుల సంఖ్య పదివేలని ఇతనంటాడు. చరిత్రకారులు అంత అంగీకరించరు. కాని వధ జరిగిన మాట నిజం. అంతకుముందు రహోవాలో పట్టుకున్న తురుష్క బందీలను శిలువ యోధులు చంపారు, బాయజీద్ దానికి ప్రతీకారం తీర్చుకున్నాడు. దీనిని సమర్థించాలని చూడటం వ్యర్థం. దివ్యఖుర్ఆన్ 'ముహమ్మద్' సూరా 4వ ఆయతు బందీలను ఉపకారంగానో, పరిహారం తీసుకొనో విడిచిపెట్టమంటుంది. పాలకునికి అంతకు మించిన అధికారం ఉందన్న ఫుఖహా ఉన్నారు, నిజమే. అయినా ఒక సుల్తాన్ ఆగ్రహం షరీఅత్ కాజాలదు.

1402లో అంకారా యుద్ధంలో బాయజీద్ తైమూర్‌కు చిక్కాడు. షిల్ట్‌బెర్గర్ కూడా చేతులు మారాడు. తైమూర్ మరణానంతరం ఆయన కుమారులు షారుఖ్, మీరాన్‌షాల కొలువులలో, ఆపై ఒక తాతారు రాకుమారుని వెంట సైబీరియా దాకా తిరిగాడు. సైబీరియా పేరును పశ్చిమ ఐరోపాకు తెలిపిన తొలి రచనల్లో ఇతని గ్రంథం ఒకటి.

ఈ గ్రంథాన్ని చదవటానికి హదీసువేత్తల పద్ధతే తగినది: చెప్పేవాడు స్వయంగా చూచాడా, విన్నాడా? ఇస్ఫహాన్‌లో తైమూర్ పసిపిల్లలను గుర్రాలతో తొక్కించాడని ఇతను వ్రాశాడు. ఇస్ఫహాన్ ఊచకోత 1387 నాటిది. అప్పుడు ఇతను బవేరియాలో ఏడేళ్ల బాలుడు. బాయజీద్‌ను పన్నెండేళ్లు సేవించానంటాడు, నిజానికి ఆరేళ్లు కూడా కాలేదు. దైవప్రవక్త (స) జీవితం గురించి వ్రాసినది కట్టుకథల కలగూర. కాని ముస్లిముల అయిదు పూటల నమాజు, ఉపవాస మాసం, మస్జిదు మర్యాదల వంటివి ముప్పై ఏళ్లు వారి మధ్య బ్రతికినవాని మాటలు. తాను ఇస్లాం స్వీకరించినట్లు ఎక్కడా చెప్పడు.

చివరకు నలుగురు సహచరులతో నల్లసముద్ర తీరానికి పారిపోయి, రాత్రి కొండపై మంట వేసి ఓడను పిలిచాడు. వారు క్రైస్తవులేనని నమ్మటానికి నావికులు వారిచేత ప్రార్థనలు చెప్పించారు. 1427లో స్వదేశం చేరి, బవేరియా ప్రభువు ఆల్బ్రెక్ట్ కొలువులో చేరాడు. గ్రంథం చివర అదే క్రైస్తవ ప్రార్థనను ఆర్మీనియన్, తాతారు భాషలలో వ్రాసి పెట్టాడు.