మీకు తెలుసా? హెలికాప్టర్ ఖర్చంతా కూలినప్పుడే!

రేడియో కంట్రోల్ హెలికాప్టర్ సరదాలో జేబుకు చిల్లు పెట్టేది కొన్న ధర కన్నా కూలిన ప్రతిసారీ అయ్యే మరమ్మతు. ఎగురుతుండగానే రెక్కల కోణం మార్చుకునే ‘కలెక్టివ్ పిచ్’ మోడల్ గట్టిగా నేలకు తగిలితే బ్లేడ్లు, మెయిన్ షాఫ్ట్, గేరు, కొన్నిసార్లు సర్వోలూ (రెక్కల కోణం మార్చే చిన్న మోటార్లు) మార్చాలి. అందుకే డబ్బు తక్కువున్నవారు ముందు కొనాల్సింది మంచి ట్రాన్స్‌మిటర్, అంటే చేతిలోని రిమోట్. ఎడ్జ్‌టీఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నడిచే ట్రాన్స్‌మిటర్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపితే తెర మీద హెలికాప్టర్ నడిపే సాధన సాఫ్ట్‌వేర్‌కు, అంటే సిమ్యులేటర్‌కు, జాయ్‌స్టిక్ అవుతుంది. అక్కడ ఎన్నిసార్లు కూలినా పైసా ఖర్చుండదు. రిసీవర్ ప్రొటోకాల్ (సిగ్నల్ పద్ధతి) కలిస్తే, రేపు కొనే హెలికాప్టర్‌కూ అదే ట్రాన్స్‌మిటర్ పనికొస్తుంది.

తెర మీద భయం ఉండదు, అదేం సాధన అని అడగవచ్చు. నిజమే, చేతి వణుకు మైదానంలోనే తగ్గుతుంది. కానీ కొత్తవారిని తరచూ దెబ్బతీసేది దిక్కుల తికమక. ముక్కు మనవైపు తిరిగితే కుడి ఎడమలు తారుమారవుతాయి. ఆలోచించి సరిదిద్దేలోపే మోడల్ నేల మీద ఉంటుంది. ఆ స్పందన వేళ్లకు అలవాటు కావడానికి తెర చాలు. వ్యతిరేక దిశల్లో తిరిగే రెండు రోటర్ల కోయాక్సియల్ బొమ్మ చవకే, కానీ తనంతట తానే నిలకడగా ఉంటుంది కాబట్టి నేర్పేది తక్కువ. పైగా ఆరుబయట చిరుగాలికే కొట్టుకుపోతుంది. సిమ్యులేటర్ తర్వాత అరచేతి సైజు కలెక్టివ్ పిచ్ మోడల్ మేలు: బరువు తక్కువ కాబట్టి పడినా దెబ్బ తక్కువ. విడిభాగాలు సులువుగా దొరుకుతాయని తేల్చుకున్నాకే ఏ మోడలైనా కొనండి.