కొలువు మానినను పేరు మనదే

గత వేసవిలో రాజమహేంద్రవరమున మా పొరుగున నుండు నొక యుపాధ్యాయిని ఒక కరపత్రమును తెచ్చి మా ముందుంచెను. ఆమె యొక ప్రైవేటు పాఠశాలలో ఆరేండ్లు గణితము బోధించి, జీతము సరిగా నీయనందున రెండేండ్ల క్రిందట మానుకొనెను. అయినను ఆ క్రొత్త కరపత్రములో ఆమె పేరును, ఛాయాచిత్రమును యథాప్రకారముగ నున్నవి. “మిమ్ము నమ్మియే మా పిల్లను చేర్చితిమమ్మా” యని యొక తల్లి గోదావరి గట్టున నెదురుపడి చెప్పినదట. “వదినగారూ, నేను మానితిని గాని నా పేరింకను అచ్చట కొలువు చేయుచున్నది” అని ఆమె వాపోయెను.

పేరనగా నమ్మకము. రామనామాంకితమైన యుంగరమును చూచి సీతాదేవి హనుమంతుని నమ్మెను. కాని ఆ యుంగరమును రాముడే స్వయముగ నిచ్చి పంపెను. ఈయని యుంగరమును చూపి నమ్మించుట మోసమే కదా!

మా వారి స్నేహితులగు వకీలుగారిని అడుగగా, ఆయన విషయమును విశదపరచిరి. సమ్మతి లేక యొకరి పేరునుగాని రూపమునుగాని ప్రకటనలకు వాడుట వారి ఏకాంత హక్కునకు భంగమని సుప్రీంకోర్టు 1994లో రాజగోపాల్ కేసున చెప్పెను. ఆ హక్కు ప్రాథమిక హక్కే యని 2017లో పుట్టస్వామి కేసున తొమ్మండుగురు న్యాయమూర్తులు నిశ్చయించిరి. మన మొగల్తూరున బుట్టిన నటుడు చిరంజీవిగారి పేరును, రూపమును, కంఠస్వరమును అనుమతి లేక వాడరాదని హైదరాబాదు సిటీ సివిల్ కోర్టు 2025 సెప్టెంబరు 26న తాత్కాలిక నిషేధాజ్ఞ నిచ్చెను. ప్రఖ్యాతుల పేరునకు వ్యాపారపు విలువ యెక్కువ కావచ్చును. ఏకాంత హక్కు మాత్రము సామాన్య గృహిణికిని కలదు.

అయితే యజమానికిని కొంత హక్కు కలదని మరువరాదు. ఫలానా సంవత్సరము మొదలు ఫలానా సంవత్సరము వరకు ఈమె మా యొద్ద పనిచేసెనని నిజము చెప్పుటయు, జీతపు లెక్కలలో పేరుంచుటయు తప్పు కాదు. “పనిచేసినది” యనుట చరిత్ర. “పనిచేయుచున్నది” యనుట అబద్ధము. అట్టి అబద్ధపు ప్రకటన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రిందను ప్రశ్నింపదగినదే.

కావున ఇట్టి యిక్కట్టు కలిగినపుడు మొదట, కొలువున చేరునాడు సంతకము చేసిన కాగితములను చదువవలయును. పేరు వాడుకొనుటకు అందు సమ్మతి యిచ్చియుండవచ్చును. పిదప కరపత్రమును, బోర్డు ఛాయాచిత్రమును తేదీతో భద్రపరుపవలయును. మానిన తేదీని, పేరు వాడిన చోటును, తొలగింపవలసిన గడువును తెలుపుచు లేఖ వ్రాసి, స్పీడుపోస్టున పంపి రసీదు దాచవలయును. సంతకమునే కల్పించినచో అది ఫోర్జరీ. పోలీసులకు ఫిర్యాదు చేయవలయును.

మందుల దుకాణమున ఫార్మసిస్టుగా నుండి మానిన సోదరి మరింత జాగరూకురాలు కావలయును. ఉద్యోగి మారినపుడు నెలలోపల లైసెన్సు నిచ్చిన అధికారికి తెలుపుట దుకాణదారుని విధి. అతడు తెలుపకున్న, అచ్చట జరుగు పొరపాటునకు ఈమె పేరే ముందు వచ్చును. కనుక తానే ఔషధ నియంత్రణాధికారికి వ్రాయుట మేలు.

లేఖకు ఫలము లేకున్న సివిలు కోర్టున నిషేధాజ్ఞ కోరవచ్చును. నష్టపరిహారము కోరువారు నష్టమును రుజువు చేయవలయును. వకీలుకు ఈయ సొమ్ము లేదని వెనుదీయ నక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము ఆదాయముతో నిమిత్తము లేక స్త్రీలకు ఉచిత న్యాయసహాయము కలదు. రాజమహేంద్రవరమున జిల్లా న్యాయసేవాధికార సంస్థ నాశ్రయింపవచ్చును. 15100 నంబరునకు ఫోను చేసినను దారి చెప్పుదురు.

మా పొరుగు సోదరి లేఖ వ్రాసెను. పదునైదు దినములలో బోర్డుపై పేరు చెరిపిరి. కరపత్రములు మాత్రము అప్పటికే యింటింటికి చేరినవి. ఆమె ఆ తల్లి యింటికి స్వయముగ వెళ్లి నిజము చెప్పి వచ్చెను. మానిన నాడే యొక చిన్న లేఖ వ్రాసియుండిన ఈ శ్రమ తప్పెడిదే! కొలువు విడుచునపుడు చివరి నెల జీతముతోపాటు మన పేరును కూడ అడిగి తెచ్చుకొందము.